ఇరుగుపొరుగు వాకబు: గ్రెప్ -డబ్ల్యూ పనితనం

తెలుగు కథలన్నీ టెక్స్ట్ ఫైళ్ళుగా దాచుకున్న ఫోల్డర్ ఒకటి ఉందనుకోండి. వాటిలో "కల" అనే మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూడాలి. టెర్మినల్ తెరిచి గ్రెప్‌కి ఆ రెండక్షరాలూ ఇవ్వగానే తెర నిండిపోతుంది. కలం వస్తుంది, కలప వస్తుంది, కలహం వస్తుంది, సకల జనులూ వస్తారు, కలకత్తా రైలు వస్తుంది. ఆఖరికి "కలిసి", "కలుపు" కూడా వస్తాయి, ఎందుకంటే గుడీ కొమ్మూ మన కంటికి అక్షరంలో భాగమైనా యూనికోడ్‌లో వాటికి విడిగా ఒక్కో సంకేతం ఉంది. అడిగిన కల మాత్రం ఆ గుంపులో ఎక్కడో నలిగిపోయి ఉంటుంది. గ్రెప్‌ని తప్పుపట్టలేం. దానికి మాటలు తెలియవు, అక్షరాల వరుస ఒక్కటే తెలుసు. క పక్కన ల కనబడింది, పట్టుకొచ్చింది.

అదే కమాండుకు చిన్న తోక తగిలించి, గ్రెప్ -డబ్ల్యూ కల అని రాస్తే గుంపు చెదిరిపోతుంది. కల ఒక్కటే, విడి మాటగా ఉన్న లైన్లు మిగులుతాయి. షెల్ స్క్రిప్టులు రాసేవాళ్ళు ఈ ఆప్షన్‌ను రోజూ వాడతారు. దాని లోపల ఏం జరుగుతోందో చూసినవాళ్ళు తక్కువ. చూస్తే, ఎవరో బాగా ఆలోచించి చెక్కిన పని అని తెలుస్తుంది.

గ్రెప్ పుట్టుకలోనే ఈ మాటల గొడవ ఉంది. 1787, 88ల్లో అమెరికా కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ అలెగ్జాండర్ హామిల్టన్, జేమ్స్ మాడిసన్, జాన్ జే ఒకే మారుపేరుతో 85 వ్యాసాలు రాశారు. వాటిని ఫెడరలిస్ట్ పేపర్స్ అంటారు. అందులో 12 వ్యాసాలు హామిల్టన్‌వా మాడిసన్‌వా అన్న తగువు చాలాకాలం నడిచింది. 1964లో ఫ్రెడరిక్ మోస్టెల్లర్, డేవిడ్ వాలెస్ అనే ఇద్దరు గణాంకవేత్తలు పెద్ద పెద్ద భావాల జోలికి పోకుండా, ఎవరూ పట్టించుకోని చిన్న మాటలు లెక్కపెట్టి అవి మాడిసన్‌వేనని తేల్చారు. హామిల్టన్‌కు "అపాన్" అనే మాట చేతికి అలవాటు, మాడిసన్ దాన్ని అరుదుగా వాడతాడు. బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ కూడా ఈ వ్యాసాల మీద అలాంటి పనే చేయాలనుకున్నాడు. అప్పటి యునిక్స్ ఎడిటర్ ఈడీలో అంత పెద్ద పాఠం పట్టలేదు. కెన్ థాంప్సన్ ఆ ఎడిటర్‌లోని వెతుకులాట భాగాన్ని విడదీసి సొంతంగా నిలబడే ప్రోగ్రామ్‌గా ఇచ్చాడని బ్రయాన్ కెర్నిహాన్ చెబుతాడు. ఈడీలో ఒక నమూనాకు సరిపోయే లైన్లన్నీ అచ్చువేయడానికి కొట్టే కమాండులోని అక్షరాలే దాని పేరయ్యాయి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో వెతకడం ఎలాగో 1968లోనే పేపర్ రాసిన మనిషి థాంప్సన్, కాబట్టి ఇది ఆయనకు కష్టమైన పనేం కాదు. 1973 నాటి యునిక్స్ నాలుగో ఎడిషన్‌లో గ్రెప్ కనిపిస్తుంది.

కానీ ఆ గ్రెప్‌లో -డబ్ల్యూ లేదు. రాజ్యాంగం మీద రాసిన ఇంగ్లీషు వ్యాసాల్లో "ఆన్" అనే రెండక్షరాల మాటను వెతకడం ఎలా ఉంటుందో ఊహించండి. "అపాన్" చివర ఆ రెండక్షరాలే. "నేషన్" చివరా అవే, "యూనియన్" చివరా అవే, "కాన్‌స్టిట్యూషన్" అయితే మొదట్లో ఒకసారి, చివర ఇంకోసారి. చిన్న మాటలు లెక్కపెట్టేవాడికి కావలసింది సరిగ్గా మాట హద్దుల సంగతే, అదే లేదు. మాట మొదలుకూ చివరకూ గుర్తులు \< \> అనేవి బర్కిలీలో బిల్ జాయ్ రాసిన ఎక్స్, వీఐ ఎడిటర్లతో వ్యాపించాయి. బర్కిలీ యునిక్స్ గ్రెప్‌లో -డబ్ల్యూ చేరినప్పుడు దాని మాన్యువల్ కూడా ఈ ఆప్షన్‌ను ఆ రెండు గుర్తుల ఆధారంగానే వివరించింది, నమూనాకు అటూ ఇటూ అవి పెట్టినట్టే అనుకోమని. తర్వాత గ్నూ గ్రెప్ రాసినవాళ్ళు ఆ "పెట్టినట్టే" అన్నదాన్ని అలాగే తీసుకోకుండా ఒక అడుగు ముందుకేశారు. ఆ అడుగు దగ్గరికి వస్తాను.

ముందు, ఈ గుర్తులు లేకపోతే జనం ఏం చేస్తారో చూడాలి. అందరికీ మొదట తట్టే ఉపాయం ఖాళీ. మాటకు ముందొక స్పేస్, వెనకొక స్పేస్ కలిపి వెతికితే సరిపోదా? సరిపోదు. లైను మొదట్లో ఉన్న మాటకు ముందు స్పేస్ ఉండదు, చివర ఉన్నదానికి వెనక ఉండదు, కామా పక్కన ఉన్నదానికీ ఉండదు. ఇవన్నీ కలుపుకుని "ముందు అక్షరం కానిదేదైనా" అని నమూనా రాసినా ఇంకో చిక్కు మిగులుతుంది. " కల కల కల " అని రెండు చివరలా ఖాళీలున్న లైను తీసుకుని, సెడ్‌తో స్పేస్-కల-స్పేస్ ఉన్న ప్రతిచోటా వేరే మాట పెట్టమని చెప్పండి. మొదటి కల మారుతుంది, మూడోది మారుతుంది, మధ్యది చెక్కుచెదరకుండా కూర్చుంటుంది. మొదటి కలను పట్టుకున్నప్పుడే దాని వెనక స్పేస్ కూడా ఖర్చైపోయింది. మధ్య కల దగ్గరికి వచ్చేసరికి దాని ముందు స్పేస్ మిగల్లేదు. రెండు మాటల మధ్య ఉన్నది ఒక్క ఖాళీ, ఇద్దరికీ కావాలి.

\< \> గుర్తుల గొప్ప ఇక్కడ తెలుస్తుంది. అవి ఏ అక్షరాన్నీ ఖర్చుపెట్టవు. \< అంటే ఒక చోటు, అంతే. ఆ చోటికి ఎడమన మాటకు చెందని అక్షరం ఉండాలి లేదా ఏమీ ఉండకూడదు, కుడిన మాటకు చెందిన అక్షరం ఉండాలి. \> దానికి అద్దంలో బొమ్మ. చూసి ఊరుకుంటాయి తప్ప దేన్నీ మింగవు, కాబట్టి పక్క మాటకు దాని ఖాళీ దానికి ఉంటుంది. లైను మొదలూ చివరా కూడా వేరే నియమం అక్కర్లేకుండా ఇందులోనే ఇమిడిపోతాయి. పెర్ల్‌తో ప్రచారంలోకి వచ్చిన బ్యాక్‌స్లాష్-బి ఈ రెంటినీ ఒకే గుర్తులో కలిపేసింది. ఎడమ కుడి తేడా లేకుండా, మాటకూ మాటకానిదానికీ నడుమ ఉన్న ఏ గట్టు అయినా సరే దానికి. రాయడానికి సుఖం. నా ఓటు మాత్రం ఇంకా పాత జంటకే, ఎందుకంటే రెండు నెలల తర్వాత స్క్రిప్టు తెరిస్తే ఏ గుర్తు మొదలో ఏది చివరో కంటికే తెలుస్తుంది.

ఇప్పుడు గ్నూ గ్రెప్ వేసిన అడుగు. \<కల\> అని రాసినప్పుడు ఒక్కో గుర్తూ రెండు షరతులు పెడుతుంది, బయటి అక్షరం మీద ఒకటి, లోపలి అక్షరం మీద ఒకటి. -డబ్ల్యూ ఆ రెండో షరతు వదిలేసింది. దొరికిన ముక్కలో ఏముందో దానికి అనవసరం. దానికి ముందున్న అక్షరం మాటకు చెందినదా? వెనకున్నది చెందినదా? రెంటికీ కాదు అంటే చాలు, లైను పాస్. పెళ్ళి సంబంధం చూడవచ్చిన పెద్దలు అబ్బాయిని ఒక్క ప్రశ్నా అడక్కుండా వీధిలో ఇరుగుపొరుగును వాకబు చేసి వెళ్ళినట్టు. ఈ తేడాకు గ్నూ మాన్యువలే చక్కని ఉదాహరణ ఇస్తుంది. @ ఒక్కటే ఉన్న లైనును గ్రెప్ -డబ్ల్యూ @ పట్టుకుంటుంది. \<@\> మాత్రం లోకంలో ఏ లైన్లోనూ దొరకదు, ఎందుకంటే @ మాటకు చెందిన అక్షరం కాదు కాబట్టి అక్కడ మాట మొదలవడమనేదే ఉండదు. చదవగానే ఇదేదో చాదస్తపు తేడా అనిపిస్తుంది. తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఇదే ప్రాణం పోస్తుంది.

అసలు పనితనం దాని తర్వాతి మెట్టులో ఉంది. వాకబులో ముక్క తప్పిందనుకోండి, అప్పుడేం చేయాలి? సోమరిగా రాసిన ప్రోగ్రామ్ అయితే "లేదు" అని లైను వదిలేస్తుంది. "సకల జనుల కల" అనే లైను చూడండి. ఎడమ నుంచి వస్తుంటే మొదట తగిలేది సకలలోని కల. దాని ముందు స ఉంది, తప్పింది. అక్కడితో ఆపేస్తే చివరనున్న అసలైన కల పోతుంది. కాబట్టి గ్నూ గ్రెప్ ఒక అక్షరం ముందుకు జరిగి మళ్ళీ వెతుకుతుంది. ఇది ఎవరికైనా తట్టేదే. ఇంకో సంగతి అంత తేలిగ్గా తట్టదు. నమూనా కల.*కల అనుకోండి, అంటే కలతో మొదలై, మధ్యలో ఏదైనా ఉండి, మళ్ళీ కలతో ముగిసేది. లైను "కల కల కలం". రెగెక్స్‌కు ఆశ ఎక్కువ, దొరికినంత పొడుగు ముక్క తీసుకుంటుంది. కాబట్టి మూడో మాటలోని కల దాకా వెళ్ళి ఆగుతుంది. దాని పక్కన సున్నా, అంటే మాట ఇంకా ముగియలేదు. తప్పింది. ఇక్కడ ముందుకు జరిగితే నష్టపోతాం, ఎందుకంటే ఇదే చోట మొదలయ్యే ఇంకో ముక్క, "కల కల" అనే పొట్టిది, అన్ని విధాలా సరైనది. గ్నూ గ్రెప్ ముందు అక్కడే నిలబడి పొడవు ఒకటి తగ్గించి, ఈ హద్దులోపల పట్టే ముక్క ఏదైనా ఉందా అని అడుగుతుంది. ఉంటే దానికి మళ్ళీ వాకబు. లేకపోతేనే ముందడుగు. ఆ చోట సోర్సు కోడ్‌లో రాసిన వ్యాఖ్య కూడా ఈ రెండు కారణాలనూ విడివిడిగా చెబుతుంది. లైన్లో నమూనా ఒకటికి మించి సార్లు రావచ్చు, ఒకేచోట పొట్టి ముక్క సరిపడవచ్చు. ఇలా ఎందుకు చేశామో రాసిపెట్టిన కోడ్ చదువుతుంటే, రాసినవాడు పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది.

ఇంత ఓపిగ్గా ప్రతి లైనునూ గాలిస్తే వేగం మాటేమిటి అంటారా? గాలించదు. దీనికి ముందు ఒక వడపోత ఉంది. డీఎఫ్ఏ అనే వేగవంతమైన యంత్రానికి, నమూనా చుట్టూ "లైను మొదలు లేదా మాటకు చెందని అక్షరం", "మాటకు చెందని అక్షరం లేదా లైను చివర" అన్న తొడుగు వేసి ఇస్తారు. పైన మనం పనికిరాదన్న, పక్కవాళ్ళ ఖాళీ మింగేసే ఉపాయం ఇదే! కానీ ఈ యంత్రం ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పనక్కర్లేదు. లైన్లో ఉండే అవకాశం ఉందా లేదా అన్నంతవరకే దాని పని. అక్కడ ఖాళీ ఖర్చైతే ఎవరికీ నష్టం లేదు. ఒకచోట లోపమైనది ఇంకోచోట సరిగ్గా సరిపోయింది. వడపోత దాటిన లైన్లకే ఆ నిదానమైన వాకబు.

మరి "మాటకు చెందిన అక్షరం" అంటే ఏది? అక్షరాలు, అంకెలు, ఒక అండర్‌స్కోర్. ఈ జాబితా చూస్తే ఏ నిఘంటుకర్తా చేసింది కాదని వెంటనే తెలుస్తుంది. సి భాషలో వేరియబుల్ పేర్లు రాయడానికి అనుమతించిన గుర్తులివి. ప్రోగ్రామర్లు తమ కోడ్‌లో తాము వెతుక్కోవడానికి చేసుకున్న ఏర్పాటు. అందుకే కోడ్‌లో ఇది అద్భుతంగా పనిచేస్తుంది. విమ్‌లో ఒక పేరు మీద కర్సర్ ఉంచి నక్షత్రం మీట కొడితే, ఎడిటర్ తనంతట తానే ఆ పేరుకు \< \> తగిలించి వెతుకుతుంది. కోడ్ దాటి బయటికి వస్తే మాత్రం జాగ్రత్త పడాలి. ఒక సర్వర్‌లో రవి, రవికుమార్, రవి-టెస్ట్ అని ముగ్గురు యూజర్లు ఉన్నారనుకోండి. రవి ఉన్నాడా లేడా చూడటానికి స్క్రిప్టులో గ్రెప్ -క్యూడబ్ల్యూ రవి అని రాస్తే రవికుమార్‌ను తోసేస్తుంది, బాగుంది. కానీ రవి ఖాతా తీసేసిన తర్వాత కూడా ఉన్నాడనే చెబుతుంది, ఎందుకంటే రవి-టెస్ట్‌లో హైఫన్ దాని లెక్కలో మాట కాదు. ఇలాంటిచోట -డబ్ల్యూ కాదు వాడాల్సింది. కట్‌తో పేర్ల కాలమ్ ఒక్కటే తీసి, లైను మొత్తం సరిపోవాలనే -ఎక్స్ ఆప్షన్‌తో పోల్చాలి. -ఎక్స్‌కు ఇంకో లాభం కూడా ఉంది, అది పోసిక్స్ ప్రమాణంలో ఉంది. -డబ్ల్యూ ఇంత ప్రసిద్ధమైనా ఆ ప్రమాణంలో చోటు దొరకలేదు.

ఒక చిన్న హెచ్చరిక కూడా ఇక్కడే. \<రవి\> అన్నదాన్ని కోట్లు లేకుండా షెల్‌కి ఇస్తే, రెండు బ్యాక్‌స్లాష్‌లనూ షెల్ తనకోసమే అనుకుని తీసేసుకుంటుంది. గ్రెప్ దాకా చేరేది <రవి> మాత్రమే, అది కోణాల గుర్తులతో సహా అక్షరాలా అదే వెతుకుతుంది. సింగిల్ కోట్లలో పెడితే ఏ బాధా లేదు.

గుర్తుల విషయంలో ఒక్కో ఊరిది ఒక్కో యాస. హెన్రీ స్పెన్సర్ లైబ్రరీ వారసత్వం ఉన్న బీఎస్‌డీ, మ్యాక్ వైపు [[:<:]] అని, [[:>:]] అని కనిపిస్తాయి. చూడ్డానికి ముళ్ళకంచెలా ఉన్నా అర్థం అదే. గ్నూ ఆక్‌లో మాట గట్టుకు బ్యాక్‌స్లాష్-వై. అందరూ వాడే బ్యాక్‌స్లాష్-బి ఎందుకు వాడలేదంటే, ఆక్‌లో అది అప్పటికే బ్యాక్‌స్పేస్‌కు కేటాయించి ఉంది. పాత స్క్రిప్టుల కడుపు కొట్టడం ఇష్టం లేక కొత్తవాళ్ళే పక్కకు తప్పుకున్నారు.

ఇక తెలుగు. -డబ్ల్యూ సిద్ధాంతం ప్రకారం గుణింతాల గుర్తులన్నీ మాటకు చెందిన అక్షరాలే అయితే మనకు ఇబ్బంది ఉండకూడదు. లినక్స్‌లో గ్నూ గ్రెప్ ఈ ప్రశ్నను గ్లిబ్‌సీ లైబ్రరీని అడుగుతుంది. యూటీఎఫ్-8 లొకేల్‌లో అది గుణింతాల గుర్తులను, సున్నాను, విసర్గను అక్షరాలుగానే ఒప్పుకుంటుంది. ఒక్క పొల్లు దగ్గర మాత్రం కాదంటుంది. యూనికోడ్ అక్షర లక్షణాల పట్టికలో పొల్లుకు ఆ హోదా లేదు మరి. కంప్యూటర్లో ప్రతి ఒత్తూ ఒక పొల్లుతోనే కడతారు కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. గ్రెప్ -డబ్ల్యూ కారు అని ఒక కథల ఫైల్లో వెతికి చూడండి. కారు ఉన్న లైన్లతో పాటు "అందరూ రైలు ఎక్కారు" కూడా వస్తుంది! ఎక్కారు అన్నది లోపల ఎ, క, పొల్లు, ఆపైన కారు. ఆ కారుకు ఎడమన ఉన్నది పొల్లు, పొల్లు మాటకు చెందదు, వాకబు పాస్. బటన్ నొక్కారు, సైకిలు తొక్కారు, శిల్పం చెక్కారు, అందరూ కార్లోనే వస్తారు.

పైథాన్‌తో పోలిస్తే ఇది నయం. దానితో వచ్చే రెగెక్స్ మాడ్యూల్‌కు గుణింతాలే అక్షరాలు కావు, కాబట్టి బ్యాక్‌స్లాష్-బి పెడితే దాదాపు ప్రతి తెలుగు మాటా మధ్యలోనే తెగుతుంది. జావాస్క్రిప్ట్‌లో ఇంగ్లీషువి తప్ప వేరే అక్షరాలేవీ మాటలో భాగం కావు. ఆండ్రూ గాలంట్ రాసిన రిప్‌గ్రెప్ మాత్రం పొల్లును కూడా మాటలో కలుపుతుంది, అక్కడ ఎక్కారులో కారు దొరకదు. రిప్‌గ్రెప్ -డబ్ల్యూ కూడా లోపలి అక్షరాన్ని వదిలేసి బయటి పక్కనే చూస్తుంది. దానికోసం ఆయన 2023లో తన రెగెక్స్ ఇంజన్లోకి "సగం గట్టు" అనే కొత్త గుర్తులే తెచ్చాడు. గ్నూ వాళ్ళు లూప్ రాసి సాధించినదాన్ని ఈయన నమూనా భాషలోకే ఎక్కించాడు. ఏది గొప్పదంటే చెప్పలేను గానీ, చదవడానికి నాకు ఆ లూపే ఇష్టం.

ఇప్పుడు @ దగ్గర వదిలిన సంగతి. మనం రోజూ రాసే బస్, ఫోన్, టీచర్, లినక్స్, ఇవన్నీ పొల్లుతో ముగిసే మాటలు. గ్లిబ్‌సీ లెక్కలో ఆఖరి పొల్లు మాటకు చెందదు కాబట్టి, \<ఫోన్\> అని వెతికితే "ఫోన్ మోగింది" అన్న లైను దొరకదు. \> పెట్టిన చోట ఎడమన మాట ఉండాలి, ఉన్నది పొల్లు. @కి పట్టిన గతే ఫోన్‌కీ పట్టింది. గ్రెప్ -డబ్ల్యూ ఫోన్ అంటే మాత్రం ఠక్కున దొరుకుతుంది. అది ఫోన్‌ను ఏమీ అడగదు, పక్కన ఖాళీ ఉందా అని చూస్తుంది, ఉంది, అయిపోయింది. లోపలి షరతు వదిలేసినవాళ్ళు తెలుగు పొల్లును ఊహించి ఉండరు, అయినా వాళ్ళు చేసిన ఏర్పాటు దానికి కూడా సరిపోయింది.

ఇంకో లాభం కూడా దొరికింది. తెలుగులో విభక్తులు మాటకు అతుక్కుంటాయి కాబట్టి -డబ్ల్యూ కల అంటే కలలో, కలకు, కలలు ఏవీ రావు. ఆ ఇబ్బంది తీరేది కాదు, వాటిని నమూనాలోనే రాసుకోవాలి. కానీ "ఫోన్‌లో", "బస్‌కి" లాంటివి టైప్ చేసేటప్పుడు, ఒత్తు పడకుండా పొల్లు పొల్లుగానే నిలవడానికి మధ్యలో ఒక కనిపించని యూనికోడ్ గుర్తు పెడతాం. రిప్‌గ్రెప్ ఆ గుర్తును కూడా యూనికోడ్ నియమం ప్రకారం మాటలో భాగంగా లెక్కవేస్తుంది, కాబట్టి -డబ్ల్యూ ఫోన్ అంటే "ఫోన్‌లో" ఇవ్వదు. గ్లిబ్‌సీకి ఆ గుర్తు అక్షరం కాదు. అందుకని గ్నూ గ్రెప్ ఫోన్‌నూ ఇస్తుంది, ఫోన్‌లోనూ ఇస్తుంది, ఫోన్‌కీ ఇస్తుంది. టెలిఫోన్‌ను మాత్రం ఇవ్వదు.